పియానోకి పాలిష్ వేయించాలనుకుంటున్నారా? ముందు మా నానమ్మ పియానోకి ఏమైందో చదవండి

నిన్న సాయంత్రం పియానో ఇంటికొచ్చింది. రాత్రంతా నాకు నిద్ర లేదు. సికింద్రాబాద్‌లో పాత పియానోలున్న ఇళ్ళవాళ్ళకి ఆ పాలిష్ ఆయన ఎవరో చెప్పక్కర్లేదు. పేరు రాయను.

మాది నానమ్మ వాయించిన బ్రాడ్‌వుడ్ కంపెనీ పియానో, పైన వాల్‌నట్ వెనీర్, అంటే అతికించిన పల్చటి చెక్క పొర ఉన్నది. చెమ్మకి పైన పాలిష్ తెల్లబారింది, కింద ఒక మూల వెనీర్ లేచింది. ఆ మూల అతికించి, చేత్తో చపడా పాలిష్, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క, వేస్తానన్నాడు. 38,000కి మాట్లాడుకున్నాం, 25,000 ముందే ఇచ్చేశాను. నెలన్నర తిప్పించుకున్నాడు. అది వదిలేయండి.

దుప్పటి తీయగానే అద్దంలా మెరిసింది. అమ్మ కూడా బాగుందే అంది. నేను మీటల మీది మూత ఎత్తాను. దాని లోపలివైపు బంగారు రంగులో 'జాన్ బ్రాడ్‌వుడ్ అండ్ సన్స్, లండన్' అని ఉండేది. నానమ్మ నా వేలు పట్టుకుని ఏబీసీడీలు దిద్దించింది ఆ అక్షరాల మీదే. ఇప్పుడక్కడ ఏమీ లేదు. చేత్తో తడిమి చూశాను. నున్నగా తగిలింది.

"అక్షరాలేవండీ?" అని అడిగాను. ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "మెషీన్ పెడితే పోతాయి మేడమ్. ఆ పాత పేరు ఎవరు చూస్తారు? కావాలంటే స్టిక్కర్ కొట్టించి తెస్తా, ఎనిమిది వందలు అవుతుంది" అన్నాడు. ఎనిమిది వందలు! ఎదురుగా గోడ మీద నానమ్మ ఫోటో. నాకు నోట మాట రాలేదు. అమ్మే అతన్ని బయటికి పంపించింది.

తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. వెనక అంచున దూదితో స్పిరిట్ అద్దితే చపడా జిగురుగా కరగాలి. ఇది చెక్కు చెదరలేదు, మెలమైన్ అనే గట్టి కెమికల్ పూత స్ప్రే కొట్టేశాడు. ఆ పాత వెనీర్ మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అంచుల దగ్గర మెషీన్‌తో అది అరిగి కింది చెక్క తేలితే, పైన రంగు పూసి కప్పేశాడు. ముందు పలక తీస్తే, తీగల్ని కొట్టే చిన్న సుత్తుల మీది ఫెల్ట్ నిండా చెక్కపొడి. ఆ పలకలన్నీ విడిగా ఊడి వస్తాయి. విప్పి పని చేయాల్సింది, విప్పనే లేదు.

తప్పు నాది కూడా. నెలన్నరలో ఒక్కసారైనా షాపుకి వెళ్ళి చూడలేదు. పేరు జోలికి పోవద్దని చెప్పాలని తట్టనే లేదు. చెప్పక్కర్లేదనుకున్నాను.

మీరైతే మెషీన్ పెట్టనని కాగితం మీద రాయించుకోండి. పేరున్న మూత విప్పించి ఇంట్లోనే ఉంచుకోండి. మిగతా 13,000 నేనింకా ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

మీలో ఎవరింట్లోనైనా పాత బ్రాడ్‌వుడ్ ఉంటే, మూత లోపలి పేరు పక్కన స్కేలు పెట్టి ఒక ఫోటో తీసి పంపండి. బోర్డులు రాసే పెయింటర్ ఒకాయన చేత్తో రాస్తానన్నారు. అక్షరాల కొలతలు కావాలట.