పొదుపు గ్రూపుల మూడు తాళాల పెట్టె కిట్: ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

నేను పొదుపు గ్రూపులకి ట్రైనింగ్ ఇచ్చే పనిలో ఉన్నా. బ్యాంకు లోన్లు ఇప్పించే పని కాదు, 15 నుంచి 25 మంది ఒకచోట కూర్చుని వాళ్ళ డబ్బు వాళ్ళే దాచుకుని, అందులోంచే వాళ్ళలో వాళ్ళు అప్పులిచ్చుకునే గ్రూపులు. 1991లో ఆఫ్రికాలోని నైజర్ దేశంలో కేర్ అనే అంతర్జాతీయ సేవా సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఈ ఫీల్డ్ లో ఉన్నవాళ్ళు వీఎస్ఎల్ఏ (విలేజ్ సేవింగ్స్ అండ్ లోన్ అసోసియేషన్) అంటారు. దీనికి కావాల్సిన సామానంతా సెట్టుగా దొరుకుతుంది. మేం ఒక సప్లయర్ దగ్గర 14 కిట్లు తెప్పించాం. పేరు చెప్పట్లేదు, నేను చెప్పబోయే లోపాలు ఏ సెట్టులోనైనా ఉండొచ్చు కాబట్టి కొనేముందు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

కిట్ లో ఇనప పెట్టె, మూడు తాళంకప్పలు, 25 పాస్ బుక్కులు, రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడ్, డబ్బు లెక్కపెట్టే గిన్నెలు రెండు, జరిమానా గిన్నె ఒకటి, గుడ్డ సంచులు, కాలిక్యులేటర్, స్కేలు, పెన్నులు వచ్చాయి.

పెట్టె బాగుంది. రేకు మందంగా ఉంది, మూలలు చేతికి గుచ్చుకోవట్లేదు. కిడ్డీ బ్యాంకు లాగా పైన చిల్లు పెట్టలేదు, అది చాలా కరెక్ట్, ఎందుకంటే మీటింగ్ బయట ఒక్క పైసా కూడా లోపలికి పోకూడదు, బయటికి రాకూడదు, ఏం జరిగినా అందరి కళ్ళ ముందే జరగాలి.

ఇక తాళాలు. ఇక్కడే నాకు బాగా కోపం వచ్చింది. ఒక గ్రూపు మొదటి మీటింగ్ లో కీ పట్టుకున్న ముగ్గురిలో ఒకావిడ పొరపాటున పక్క కప్పలో తన కీ పెట్టి తిప్పింది, టక్కున తెరుచుకుంది. అందరూ చూశారు. నేను అదే కీ తీసుకుని మూడోదాంట్లో పెట్టి చూస్తే అదీ వచ్చేసింది! వెనక కూర్చున్న పెద్దావిడ "మేడం, ఇలాగైతే మూడు తాళాలెందుకు, ఒకటేస్తే సరిపోయేదిగా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు, ఇంటికి పంపించేశాం. ఆఫీసుకొచ్చి మిగతా 13 సెట్లు కూడా చెక్ చేస్తే ఇంకో నాలుగింట్లో కనీసం రెండు కప్పలకి ఒకటే కీ పడుతోంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ పద్ధతిలో పెట్టె ఒకరింట్లో ఉంటుంది, వాళ్ళ దగ్గర కీ ఉండదు. మూడు కీలు ముగ్గురు వేరే మెంబర్ల ఇళ్ళలో ఉంటాయి, ఆ ముగ్గురూ గ్రూపుని నడిపే కమిటీలో ఉండకూడదు. అంటే డబ్బు పోవాలంటే నలుగురు కుమ్మక్కవ్వాలి. రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, పైన అడిగే ఆఫీసర్ లేడు, గ్రూపుకి ఉన్న సెక్యూరిటీ అంతా ఆ మూడు కప్పలే. కిట్ మొత్తంలో చవగ్గా వచ్చే వస్తువు కదా అని సప్లయర్ ఒకే బ్యాచ్ వి వేసేశాడు.

పాస్ బుక్ మాత్రం నాకు ప్రాణం. ఇందులో పొదుపుని షేర్లలో లెక్కపెడతారు, షేరు అంటే గ్రూపు ముందే అనుకున్న ఒక పొదుపు మొత్తం. అంకెలు రాయక్కర్లేదు, ఒక్కో మీటింగ్ కి ఒక వరస, వరసకి ఐదు గడులు, ఎన్ని షేర్లు కొంటే అన్ని స్టాంపులు, ఒకటి నుంచి ఐదు దాకా, మిగిలిన గడుల మీద గీత కొట్టేస్తారు, తర్వాత ఎవరూ కొత్తగా స్టాంపు వెయ్యలేరు. చదువు రానివాళ్ళు కూడా వేలు పెట్టి తమ షేర్లు లెక్కపెట్టుకుంటారు. ఏడాది చివర డబ్బంతా షేర్ల లెక్కన అందరూ పంచుకుంటారు, ఆ పంపకం లెక్క కూడా అంతే సులువు, షేరు విలువ 10 అనుకుందాం, 20 మంది 40 మీటింగులు సగటున మూడేసి స్టాంపులు వేయించుకుంటే 2,400 షేర్లు. అప్పుల మీద వడ్డీతో కలిపి పెట్టెలో 30,000 ఉంటే షేరుకి 12.50. 120 స్టాంపులున్న మనిషి 1,200 దాచి 1,500 తీసుకెళ్తుంది.

కానీ ఇంకు సరిగ్గా లేదు. తొందరగా ఆరదు, బుక్కు మూసేస్తే ఎదురు పేజీ మీద లేత మచ్చ పడుతుంది, అది కూడా స్టాంపులాగే కనిపిస్తుంది. ఒక గ్రూపులో పంపకం రోజు ఒకావిడ ఆ మచ్చల్ని కూడా లెక్కేసుకుని తనకి తొమ్మిది షేర్లు తగ్గాయని ఏడ్చేసింది, మోసం చేశారనుకుంది పాపం. పేజీ ఎత్తి వెలుతురుకి పెట్టి చూపిస్తే గానీ నమ్మలేదు. ఇప్పుడు మీటింగ్ అయ్యేదాకా బుక్కులు తెరిచే ఉంచమంటున్నాం, ప్యాడ్ కూడా మార్చేశాం.

గిన్నెలు, కాలిక్యులేటర్ ఓకే, ఇబ్బంది లేదు.

సప్లయర్ దీంతోపాటు యాప్ కూడా అంటగట్టాలని చూశాడు. మా రిపోర్టులకి యాప్ పనికొస్తుంది, కాదనను, కానీ పెట్టెకి బదులుగా యాప్ అంటే నేను ఒప్పుకోను. ఫోన్ ఒకరి చేతిలో ఉంటుంది, మిగతా అందరూ వాళ్ళు చెప్పింది నమ్మాలి. గిన్నెలో లెక్కపెట్టే డబ్బుని 20 మంది చూస్తారు, మిగిలిన నిల్వ ఎంతో అందరూ గుర్తుపెట్టుకుని తర్వాతి మీటింగ్ లో పైకి చెప్తారు.

అయితే పెట్టెకీ ఒక హద్దుంది. డబ్బు అప్పుల రూపంలో తిరుగుతున్నంత కాలం లోపల పెద్దగా ఉండదు, పంపకం దగ్గరపడి అప్పులన్నీ తిరిగొచ్చే వారాల్లోనే నిండుతుంది, దొంగతనం భయం అప్పుడే ఎక్కువ. ఆ కొన్ని వారాలు గ్రూపు పేరు మీద బ్యాంకు అకౌంట్ లో వేసుకోవడం మంచిది.

నా రేటింగ్ 5కి 3. పెట్టె, పాస్ బుక్ కోసం కొనండి, తాళాలు మాత్రం మూడు వేరు వేరు కంపెనీలవి బయట కొనుక్కోండి, సప్లయర్ మార్చి పంపిన వాటిలో కూడా ఒక జత కలిసిపోయింది. టెస్ట్ చేయడం పెద్ద పనేం కాదు, ఒక్కో కీ మిగతా రెండు కప్పల్లో పెట్టి చూడాలి, పెట్టెకి ఆరుసార్లు, రెండు నిమిషాలు. నేనిప్పుడు ఆఫీసులో టెస్ట్ చేసి తీసుకెళ్ళినా సరే, మొదటి మీటింగ్ లో డబ్బు బయటికి తీయకముందే ఆ ఆరుసార్లూ మెంబర్ల చేతే తిప్పిస్తున్నా.