బ్రాడీపేట శనివారం బైబిలు క్లాసు: ఐదొందలకు న్యాయం జరిగింది, ఒక్క చీటీకి తప్ప

ముందే చెప్పేస్తున్నాను. ఈ క్లాసులకు హ్యాండౌట్లు టైప్ చేసి, స్పైరల్ బైండింగ్ చేసిచ్చింది మా డీటీపీ షాపే. దాని బిల్లు నాకు ముట్టింది. క్లాసు ఫీజు ఐదొందలు మాత్రం నా జేబులోంచే కట్టి కూర్చున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ రాస్తాను.

స్వలింగ సంబంధాల గురించి బైబిలు ఏమంటోంది అన్నది విషయం. బోర్డు మీద అలా పెట్టలేదనుకోండి. 'కుటుంబం – లైంగికత – లేఖనం' అని పెట్టారు. అందులోనూ మధ్య మాటను కాస్త చిన్న సైజులో వేయమన్నారు. వేశాను, కస్టమర్ చెప్పాక తప్పదు కదా. అయినా గుంటూరులో ఫీజు పెట్టి మరీ ఈ మాట మాట్లాడదామన్నవాళ్లను నేను చూడలేదు. కన్వెన్షన్లలో వినపడేది ఒక్కటే రకం: అంత్యదినాల గుర్తులు చదివేటప్పుడు ఒక కేక, దానికి నాలుగు ఆమెన్లు. అంతటితో సరి.

ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద హాలు. శనివారం ఆరింటికన్నారు కానీ ఆరున్నర అయ్యేది. శంకర్ విలాస్ సెంటర్ దాటి రావాలంటే ఎవరికైనా అంతే. ఫ్యాన్లు బాగా తిరుగుతాయి. కుర్చీలు మాత్రం స్కూలు పిల్లలవి, రాసుకునే చెక్క పొట్టకు తగులుతుంది. టీ బాగుంది.

చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకరు రిటైరైన పాస్టరు గారు, డెబ్భై దాటాయి, సంఘాల్లోనే జీవితమంతా గడిపారు. రెండోవారు బైబిలు కాలేజీలో కొత్త నిబంధన చెప్పే టీచరు, ముప్పై అయిదు కూడా ఉండవు. ఎవరు ఏ పక్షమో చూడగానే ఊహించుకున్నాం, అందరం బోల్తా పడ్డాం. స్వలింగ సంబంధాల్లో ఉన్నవాళ్లను సంఘం ఉన్నట్టే చేర్చుకోవాలి, కలకాలం కలిసుండే జంటను ఆశీర్వదించడానికి లేఖనం అడ్డు కాదు అన్నది అయ్యగారు. స్త్రీ పురుషుల వివాహం బయట ఏ సంబంధానికీ బైబిలులో చోటు లేదు అన్నది టీచరమ్మ. ఇద్దరూ ఒకరినొకరు 'అయ్యగారూ', 'అమ్మా' అనుకుంటూనే గట్టిగా వాదించుకున్నారు.

ఈ క్లాసులో నాకు నచ్చినది చెప్పాలంటే మొదటి శనివారం పెట్టిన పద్ధతి గురించి చెప్పాలి. ఎదుటి పక్షం వాదన ముందు తను చెప్పాలి, ఎదుటివారు 'అవును, నేననేది అదే' అని ఒప్పుకున్నాకే తన వాదన మొదలుపెట్టాలి. అయ్యగారు టీచరమ్మ వాదన చెబుతుంటే ఆవిడ ఒకచోట ఆపి, 'అలా కాదండీ, దాన్ని మీరు బలహీనంగా చెబుతున్నారు' అన్నారు. ఆయన నవ్వి మళ్లీ చెప్పారు. నేను చాలా సభల కరపత్రాలు వేశాను, ఎదుటివాడి వాదనను ఇంత మర్యాదగా నిలబెట్టి తర్వాత కొట్టడం మాత్రం ఇక్కడే చూశాను.

హ్యాండౌటు కూడా అదే పద్ధతి. మధ్యలో వచనం, ఎడమ కాలమ్ ఒకరిది, కుడి కాలమ్ మరొకరిది. నిర్వాహకుడు వచ్చి ఎడమ కాలమ్ బోల్డులో వేయండి, మన సంఘాలు నమ్మేది అదే కదా అన్నాడు. ఆ కాలమ్ టీచరమ్మది. ఆవిడే ఫోన్ చేసి వద్దన్నారు.

వాదనలోకి వస్తే, సొదొమ సంగతి త్వరగానే తేలిపోయింది. ఆదికాండం 19లో ఊరి మగవాళ్లంతా లోతు ఇంటి మీద పడి అతిథులను బయటికి తెమ్మన్నది బలాత్కారానికి. దాన్ని పట్టుకుని ఇద్దరు ఇష్టపడి కలిసుండటం గురించి తీర్పు చెప్పలేం అన్నారు ఇద్దరూ. యెహెజ్కేలు 16వ అధ్యాయం సొదొమ దోషాల్లో గర్వాన్నీ తిండి సమృద్ధినీ దీనులను పట్టించుకోకపోవడాన్నీ లెక్కపెట్టిందని అయ్యగారు చూపించారు. ఆ తర్వాతి వచనం, యూదా పత్రిక (అంటే ఉత్తరం) ఏడో వచనం కూడా చదవాలి కదా అని టీచరమ్మ గుర్తు చేశారు. సరే, అక్కడ ఆగారు.

లేవీయకాండం దగ్గర హాలు కాస్త వేడెక్కింది. 18:22, 20:13 వచనాలు సూటిగానే ఉన్నాయి. కానీ అదే పుస్తకం 11వ అధ్యాయం రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులను తినొద్దంది, 19:19 రెండు రకాల దారాలు కలిపి నేసిన బట్ట కట్టొద్దంది. 'ఆదివారం ఆరాధన నుంచి వెళ్లి రొయ్యల ఇగురు తినేవాళ్లం ఎంతమందిమి?' అన్నారు అయ్యగారు. అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. 'రొయ్యలు తినొచ్చని మనకు మనమే చెప్పుకోలేదు అయ్యగారూ. అపొస్తలుల కార్యాలు 15లో యెరూషలేములో కూర్చుని ఏ రూళ్లు యూదులు కాని అన్యజనుల మీద పెట్టకూడదో తేల్చారు. తేల్చినప్పుడు జారత్వాన్ని మానమనే ఉంచారు. పైగా అదే 18వ అధ్యాయంలో వావివరుసల నిషేధాలున్నాయి, అవి పోయాయని మీరూ అనరు' అన్నారు. రొయ్యల జోకు అందరికీ గుర్తుంది, ఈ జవాబు ఎంతమందికి గుర్తుందో.

నా మట్టుకు అసలు క్లాసు రోమా పత్రిక మొదటి అధ్యాయం రోజు జరిగింది. ఆ పత్రిక రాసిన పౌలు చూసిన రోమా లోకంలో యజమానులు బానిసలనూ కుర్రాళ్లనూ వాడుకోవడం మామూలు సంగతి. ఆయన విగ్రహారాధన గురించి మొదలుపెట్టి ఈ మాటకొచ్చాడు. పైగా రెండో అధ్యాయం తెరవగానే తీర్పు తీర్చేవాడా నీకూ తప్పించుకునే దారి లేదు అని చదివేవాడి వైపే తిప్పాడు అన్నది అయ్యగారి వాదన. దానికి టీచరమ్మ ఒకటే అడిగారు: 'మరి 26వ వచనంలో స్త్రీల గురించి ఎందుకన్నాడు? అక్కడ బానిసలూ కుర్రాళ్లూ లేరు కదా.' పౌలు మనసులో ఉన్నది ఆదికాండం మొదటి అధ్యాయమనీ, మత్తయి 19లో యేసు కూడా దాన్నే ఎత్తి చెప్పాడనీ ఆవిడ అన్నారు. యేసును అక్కడ అడిగింది విడాకుల గురించి అని అయ్యగారు. విడాకుల విషయంలో మన సంఘాలు ఎంత సర్దుకుపోయాయో లెక్క చెప్పమంటే ఎవరూ నోరు మెదపలేదు.

అయ్యగారి బలమంతా అపొస్తలుల కార్యాలు 10లో పేతురు, యూదుడు కాని కొర్నేలీల కథలో ఉంది. సున్నతి లేనివాళ్ల మీదికి పరిశుద్ధాత్మ దిగితే పేతురు ధర్మశాస్త్రం పుస్తకం తిరగేస్తూ కూర్చోలేదు, నీళ్లు తెమ్మన్నాడు అంటారాయన. అన్యజనులు వస్తారని ప్రవక్తలు ముందే చెప్పారు, ఆ యెరూషలేము సభలో యాకోబు ఆమోసును చదివే చూపించాడు, దీనికి అలాంటి వచనం చూపించండి అంటారు ఆవిడ. ఇక్కడ ఇద్దరూ ఒకరినొకరు కదల్చలేకపోయారు. నాకు అర్థమైనంతలో గొడవంతా ఇక్కడే ఉంది. బైబిలు నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ మధ్య తగాదా అని బయట అంటుంటారు కానీ ఈ హాల్లో వచనం నంబర్లు చూడకుండా చెప్పగలిగింది ఈ ఇద్దరే.

పండితుల్లోనూ ఇదే పరిస్థితట. అమెరికాలో రిచర్డ్ హేస్ అనే కొత్త నిబంధన పండితుడు 1996లో రాసిన పుస్తకంలో సంప్రదాయ పక్షాన్ని బలంగా నిలబెట్టాడు. 2024లో కొడుకు క్రిస్టఫర్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఆ అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. 2025 జనవరిలో పోయాడు. టీచరమ్మ దీన్ని దాచకుండా తన కాలమ్‌లోనే వేయించారు, 'మొదటి పుస్తకంలోని వాదనకు రెండో పుస్తకం జవాబివ్వలేదు' అన్న తన మాట కలిపి.

గుంటూరు లూథరన్లకు ఆసక్తిగా ఉండే భాగం ఒకటుంది. 1842 జూలై 31న ఈ ఊళ్లో అడుగుపెట్టిన హేయర్ దొర అమెరికా లూథరన్ సంఘం మిషనరీ. ఆ అమెరికా సంఘాలు కలిసిపోతూ వచ్చి 1988లో ఒకే సంఘమయ్యాయి. ఆ సంఘం 2009లో మినియాపొలిస్‌లో లైంగికత మీద ఒక ప్రకటనకు ఓటు వేసింది. మూడింట రెండొంతులు కావాలి; 676 అనుకూలం, 338 వ్యతిరేకం. సరిగ్గా సరిపోయింది, అటు నుంచి ఒక్క ఓటు ఇటు మారినా పోయేది. స్వలింగ భాగస్వామితో నిబద్ధంగా ఉండేవాళ్లు పాస్టర్లు కావడానికి దారి తెరిచిందీ ఆ సభే. 2013లో ఇథియోపియాలోని మెకానే యేసు సంఘం దాంతో తెగతెంపులు చేసుకుంది. హ్యాండౌట్ మొదటి ప్రతిలో మన ఏఈఎల్‌సీ, అంటే ఆంధ్ర లూథరన్ సంఘం, ఆ అమెరికా సంఘం కిందే ఉన్నట్టు వచ్చింది. ఏఈఎల్‌సీ 1927 నుంచి విడి సంఘం, ప్రపంచ లూథరన్ సమాఖ్యలో మాత్రం రెండూ సభ్యులే. ప్రూఫులో పట్టుకుని సరిచేయించాను. మా నాన్న సంఘం పుస్తకాలు దాచేవాడు, ఆ పుణ్యం.

అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టులు 2024లో పాత నిషేధాలు తీసేయడం, 2023 డిసెంబరులో వాటికన్ జంటలకు ఆశీర్వాదం ఇవ్వొచ్చు కానీ అది పెళ్లి కాదు అనడం, ఇవన్నీ అరగంటలో పరిగెత్తించారు. నష్టం లేదు. చట్టం సంగతి బాగా చెప్పారు: స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 1860 నాటి 377 సెక్షను, 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు దాన్ని ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదనడం, 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు మాత్రం లేదనడం. జైల్లో పెట్టాలని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

ఇద్దరూ ఒక్కటైన ఇంకో చోటు 'బాగుచేస్తాం' అనే కౌన్సెలింగ్ సెంటర్లు. అలాంటి చికిత్స చేయడం వృత్తి దుష్ప్రవర్తన కిందికి వస్తుందని 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. ఒక సెంటరు కరపత్రం మా షాపుకూ వచ్చింది. అందులో ఫోన్ నంబరు, ఫీజు ఉన్నాయి, డాక్టరు పేరు లేదు. ఇక ఊళ్లో మనవాళ్ల వైద్యం ఒకటుంది కదా, పెళ్లి. 'పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని చేస్తారు. ఆ వచ్చిన పిల్ల ఏం పాపం చేసింది?' అని టీచరమ్మ గొంతు పెంచింది ఆ ఒక్కసారే. ఒంటరిగా, పవిత్రంగా బతకడం కూడా పిలుపే అని ఆవిడ అంటే, 'కతోలికులకు మఠాలున్నాయమ్మా. మన సంఘంలో ముప్పై దాటిన మగాణ్ని ఒక్క ఆదివారం పెళ్లెప్పుడని అడక్కుండా వదుల్తారా?' అన్నారు అయ్యగారు. ఆవిడ తల ఊపారు.

ఇప్పుడు బాగోలేనిది. ఆఖరి శనివారం ప్రశ్నలు చీటీల మీద రాసివ్వమన్నారు. పేర్లు అక్కర్లేదన్నారు, మంచిదే. కానీ నిర్వాహకుడు ముందు తను చదివి, ఏరి ఇచ్చాడు. చదివినవాటిలో సగం ఇజ్రాయేలు రాజకీయం, సినిమాలు, అంత్యదినాలు. ఒక పెద్దమనిషి చీటీ చాలక లేచి నిలబడి ఇరవై నిమిషాలు ప్రసంగం చేశాడు.

తర్వాత ప్రశ్నలూ జవాబులూ బుక్‌లెట్‌గా వేయమని ఆ చీటీల కవరు నాకే ఇచ్చారు. అందులో ఒకటి, నోటుబుక్కులోంచి చింపిన రూళ్ల కాగితం, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి: 'మా చర్చిలో నేను కీబోర్డు వాయిస్తాను. నా సంగతి మా అయ్యగారికి చెబితే వాయించనిస్తారా?' పైన ఎర్ర పెన్నుతో 'తర్వాత' అని రాసుంది. ఎవరిదో తెలియదు, కనుక్కునే పనీ పెట్టుకోలేదు. నెల రోజుల క్లాసుకు పరీక్ష పేపరు అంటూ ఉంటే ఆ చీటీయే. దాన్నే పక్కన పెట్టారు.

ప్రూఫులు చూడ్డానికి ఇద్దరూ వేర్వేరుగా షాపుకు వచ్చినప్పుడు చూపించాను. టీచరమ్మ చాలాసేపు చూశారు. 'ఆకర్షణ ఉన్నంత మాత్రాన కీబోర్డు మానమనను. ఎవరితోనైనా కలిసి ఉంటున్నాడంటే ముందు నిలబడి చేసే సేవ ఆపమంటాను. పెళ్లాం ఉండగా ఇంకోచోటికి వెళ్లే సంఘపెద్దకూ అదే రూలు పెట్టాలి' అన్నారు. అలా పెట్టిన సంఘం చూశారా మేడమ్ అంటే, లేదన్నారు.

అయ్యగారు వెంటనే, 'వాయించనిస్తాను' అన్నారు. సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటి కుర్రాడు వస్తే ఏం చేశారండీ అన్నాను. కళ్లజోడు తుడుచుకుని, 'ఇద్దరొచ్చారు. ప్రార్థన చేసి పంపాను. ఈ మాటలన్నీ రిటైరయ్యాక చెబుతున్నాను నాయనా, అప్పుడు కమిటీ ఉండేది' అన్నారు.

వచనాల మీద అంత తడుముకోకుండా మాట్లాడిన ఇద్దరూ కీబోర్డు దగ్గర తడబడ్డారు. క్లాసులో ఒక శనివారం పూర్తిగా దీనికే ఇచ్చి ఉంటే ఐదుకు ఐదు వేసేవాణ్ని. ఇప్పటికి మూడున్నర.

తర్వాతి బ్యాచ్ క్రిస్మస్ హడావుడి అయ్యాక అంటున్నారు. ఫీజు అదే. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోండి. రోమా పత్రిక మొదటి రెండు అధ్యాయాలూ అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయమూ ఇంట్లో చదువుకుని వెళ్తే క్లాసు సగం తేలిక. ఎవరి మీదో తిట్లు వినాలని వెళ్లేవాళ్లకు డబ్బు దండగ. నిర్వాహకులకు ఒక్క మనవి: ఈసారి చీటీలు మీరు ఏరకండి, డబ్బాలో వేయించి చెప్పేవాళ్లిద్దరినే చెయ్యి పెట్టి తీయమనండి. ఆ ఎర్ర పెన్ను చీటీని మాత్రం రెండు జవాబులతో సహా బుక్‌లెట్‌లో పెట్టాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. మీ వైపు నుంచి ఓకే రాగానే ప్రింటుకు ఇస్తాను.