సెవిల్‌లో అత్తయ్యకి కడుపు నిండిన పూట

స్పెయిన్ వెళ్తే శాకాహారులు పస్తులుండాల్సిందే అని మాకు చాలామంది చెప్పారు. సెవిల్‌లో దిగిన మొదటి రాత్రి ఆ మాట నిజమే అనిపించింది. మర్నాడు పొద్దున ఒక గైడ్ మూడున్నర గంటల్లో దాన్ని అబద్ధం చేసేసింది. ఆవిడ గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మేం వెళ్ళింది నలుగురం. నేను, మా ఆయన, 71 ఏళ్ళ మా అత్తయ్య, జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న మా అమ్మాయి. అత్తయ్యది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. గుడ్డు కూడా ముట్టరు. మా ఆయన, అమ్మాయి అన్నీ తింటారు. నేను చేపలు, చికెన్ వరకే. మార్చి చివర్లో మాడ్రిడ్ నుంచి రైల్లో రెండున్నర గంటల్లో చేరుకున్నాం. రైలు చక్కగా ఉంది. గది మాత్రం అంతంతమాత్రం. నాలుగు రాత్రులకి 496 యూరోలు తీసుకుని, లిఫ్ట్ ఉందని రాసి, ఆ లిఫ్ట్ దాకా 14 మెట్లెక్కాలన్న సంగతి రాయలేదు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు లిఫ్ట్ ఉందా అని కాదు, వీధి గుమ్మం నుంచి లిఫ్ట్ వరకు మెట్లెన్ని అని అడగండి.

అసలు దెబ్బ రాత్రి భోజనం దగ్గర తగిలింది. అక్కడ చాలా హోటళ్ళలో రాత్రి వంట ఎనిమిదిన్నరకి గానీ మొదలవదు. అత్తయ్య ఏడున్నరకల్లా తినేస్తారు. ఊళ్ళో పెద్ద చర్చి అయిన కెథెడ్రల్ దగ్గర సందులో ఒక హోటల్ ముందు నిలబడ్డ మనిషి మెనూ చేతిలో పెట్టి, అన్నీ ఇప్పుడే దొరుకుతాయి, శాకాహారం కూడా ఉంది అన్నాడు. బొమ్మల మెనూలో 'సాండ్‌విచ్ వెహెతాల్' అని ఉంది. అంటే కూరగాయల సాండ్‌విచ్ అనుకున్నాం. మా అమ్మాయి మాంసం ఉండదు కదా అని రెండుసార్లు అడిగింది. ఉండదన్నాడు. అత్తయ్య ఒక ముక్క కొరికి ఆగిపోయారు. లోపల లెట్యూస్, టమాటా కింద ట్యూనా చేప, ఉడికించిన గుడ్డు ఉన్నాయి.

ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకుని వచ్చి కుర్చీలో కూర్చుని వీధి వైపు చూస్తూ ఉండిపోయారు. అరిచినా నాకు అంత బాధ కలిగేది కాదు. వెయిటర్‌ని పిలిచి అడిగితే, "మాంసం లేదుగా, అది చేప" అన్నాడు. క్షమించమని కూడా అడగలేదు. బిల్లు 95 యూరోలు వచ్చింది. అందులో మేం అడగకుండానే తెచ్చి పెట్టిన బ్రెడ్డుకి మనిషికి 2.50 చొప్పున 10, ఆలివ్ కాయలకి 4.50. నోట్లో పెట్టుకోలేని ఆ సాండ్‌విచ్‌కి 9.50. మా ఆయన గొడవకి దిగబోతే అత్తయ్యే వద్దన్నారు. గదికొచ్చి ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు, ఒక అరటిపండు తిని పడుకున్నారు.

మర్నాటికి అమ్మాయి ముందే ఫుడ్ టూర్, అంటే గైడ్‌తో నడుస్తూ ఊరి తిళ్ళు రుచి చూసే టూర్, బుక్ చేసి ఉంచింది. మనిషికి 79 యూరోలు, నలుగురికి 316. మేం వెళ్ళినప్పుడు యూరో 93 రూపాయలు. అంటే 29 వేల పైమాటే. "మీ నానమ్మ ఏమీ తినలేని చోటికి ఇంత డబ్బు పోసి తీసుకెళ్తావా" అని మా ఆయన రాత్రంతా దాన్ని సాధిస్తూనే ఉన్నారు. అప్పుడే గైడ్ దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. బుకింగ్‌లో పెద్దావిడ మాంసం, చేప, గుడ్డు తినరని రాశారు, ఉల్లి, వెల్లుల్లి, పాలు పర్వాలేదా? చేపలు వేయించిన నూనెలోనే వేయించినవి తింటారా? ఇవీ ఆవిడ అడిగిన ప్రశ్నలు. అమ్మాయి చదివి వినిపిస్తే మా ఆయన నోరు మూతపడింది. చుట్టాల పెళ్ళికి వెళ్తే కూడా నూనె గురించి మమ్మల్ని ఎవరూ అడగలేదు.

పొద్దున పదకొండింటికి ట్రియానా వంతెన దగ్గర కలుసుకున్నాం. గ్వాదల్‌కివీర్ నది మీద 1852లో పూర్తయిన ఇనుప వంతెన అది. మాతో కలిపి ఎనిమిది మంది. గైడ్ నది అవతలి ట్రియానా పేటలోనే పుట్టి పెరిగిన మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. అందరికంటే ముందు అత్తయ్య దగ్గరికొచ్చి, "ఈ రోజు మీకు తెలియకుండా మీ నోట్లోకి ఏదీ వెళ్ళదు" అంది. అమ్మాయి తెలుగులో చెప్పింది. అత్తయ్య తలూపారు గానీ నమ్మినట్టు కనిపించలేదు.

వంతెన దాటగానే ట్రియానా మార్కెట్. ఒక్కో కొట్టుకీ రంగురంగుల పెంకుల మీద పేరు రాసిన బోర్డు. ట్రియానా కుమ్మరుల పేట కాబట్టి ఆ పెంకులు వాళ్ళ సొంత కళ. మార్కెట్ కింద సాన్ హోర్హే కోట శిథిలాలున్నాయి. మతం పేరుతో మనుషుల్ని విచారించి శిక్షించిన ఇన్‌క్విజిషన్‌కి ఆ కోటే స్థావరం. పైన టమాటాలు, కింద ఆ గోడలు. నాకు కాసేపు మనసు బరువెక్కింది. కిందికి వెళ్ళి చూడొచ్చు, కానీ తినడానికి వెళ్ళిన రోజున కాకుండా విడిగా వెళ్ళండి.

మొదట ఆలివ్ కాయలు. గోర్దాల్ అనే రకం చిన్న ఉసిరికాయంత ఉంది. అత్తయ్య ఒకటి తిని, ఊరేసిన ఉసిరికాయలా ఉందన్నారు. మళ్ళీ ఒకటి తీసుకున్నారు. ఆ రోజు ఆవిడ అడగకుండా తీసుకున్న మొదటి వస్తువు అదే. పక్క కొట్టు నిండా పంది తొడలు వేలాడుతున్నాయి. హమోన్ అనే ఈ పంది తొడ మాంసం అంటే స్పెయిన్‌వాళ్ళకి ప్రాణం. నల్ల చీటీ ఉంటే మేలిరకం ఇబేరికో జాతి, ఓక్ చెట్ల కాయలు తిని పెరిగినది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు ఆ తర్వాతి తరగతులు. గైడ్ ఇదంతా చెప్పింది, కానీ అంతకుముందే అత్తయ్యకి ఆలివ్ కొట్టు దగ్గర స్టూలు వేయించి, ఆ కొట్టువైపు వీపు ఉండేలా కూర్చోబెట్టింది. అమ్మాయి, మా ఆయన హమోన్ రుచి చూశారు. మా ఆయనకి నచ్చలేదు, అమ్మాయికి బాగా నచ్చింది.

చీజ్ దగ్గర జరిగింది నేను ఎప్పటికీ మర్చిపోను. చీజ్ పాలతోనే కదా చేసేది అని నేనే అత్తయ్యకి ఒక ముక్క అందించబోయాను. గైడ్ ఆపింది. పాలు విరగడానికి ఈ చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు, ఆవిడకి చెప్పి, ఆవిడ ఇష్టమైతేనే ఇవ్వండి అంది. చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు. అత్తయ్య వద్దన్నారు. వద్దన్నాక గైడ్ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పారు. రాత్రి నుంచి బిగుసుకుపోయిన ఆ ముఖం అక్కడే కాస్త విచ్చుకుంది.

తర్వాత కారప్పొడి కొట్టు. పిమెంతోన్ అంటారు, మిరపపండు పొడి. అత్తయ్య మిరప చేలల్లో పెరిగిన మనిషి. వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకుని, "రంగుంది గానీ కారమేది?" అన్నారు. గైడ్ నవ్వి కథ మొదలుపెట్టింది. 1503లో స్పెయిన్ రాజ్యం అమెరికా వర్తకమంతటికీ ఈ ఊళ్ళోనే ఒక కార్యాలయం పెట్టింది. అటు నుంచి టమాటా, మిరప, బంగాళాదుంప తెచ్చే ఓడలు ఈ నది మీదుగానే వచ్చేవి. కొలంబస్ మిరియాల కోసం వెళ్ళి మిరపకాయలు చూశాడు. వీళ్ళ భాషలో మిరియం పిమియెంత, మిరప పిమియెంతో. అమ్మాయి ఈ ముక్క చెప్పగానే అత్తయ్య ఠక్కున, "మనకీ అంతేగా, మిరియం, మిరప" అన్నారు. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్ళతో వచ్చిందని నేను చదువుకున్నాను గానీ ఈ పోలిక నాకెప్పుడూ తట్టలేదు. గైడ్ ఆ రెండు తెలుగు మాటలూ పుస్తకంలో రాసుకుంది. గుంటూరు మిరప చేలు, కోతలు, కల్లాల్లో ఆరబెట్టడం గురించి అత్తయ్య పది నిమిషాలు మాట్లాడితే, మిగతా అందరూ నిలబడి విన్నారు.

వీధిలోకి వచ్చాక అన్నీ నారింజ చెట్లే. కాయలింకా కొన్ని ఉన్నాయి, పూత మొదలైంది. ఊరంతా ఆ వాసనే. వాళ్ళు నరాంహా అంటారు. రాసేటప్పుడు మాత్రం అచ్చంగా మన నారింజే. మన వైపు మాటే పారశీకం, అరబ్బీ మీదుగా ఇక్కడికి చేరింది. ఈ వీధి కాయలు చేదు, పులుపు. ఎవరూ కోసుకు తినరు. ఇంగ్లండులో మార్మలేడ్ అనే నారింజ జామ్‌కి వాడేది ఈ రకాన్నే. దబ్బకాయలా పులిహోర కలపొచ్చు కదా అని అత్తయ్య చాలాసేపు బాధపడ్డారు.

ట్రియానాలోనే ఒక చిన్న బార్‌లో కసోన్ అనే చిన్న సొరచేప ముక్కలు తిన్నాం. వెనిగర్, జీలకర్ర, వెల్లుల్లిలో నానబెట్టి వేయించింది. జీలకర్ర వాసనకి నాకు మా ఇంటి వంటిల్లు గుర్తొచ్చింది. అత్తయ్యకి నారింజ రసం, టమాటా రుద్దిన రొట్టె. తర్వాత నది దాటి, సాన్ లెయాండ్రో కాన్వెంట్‌లో గోడలో తిరిగే చెక్క అర మీద డబ్బులు పెడితే, కనిపించని సన్యాసినులు మిఠాయి పెట్టె తిప్పి పంపడం చూశాం. అది గుడ్డు పచ్చసొనతో చేసేది కాబట్టి అత్తయ్య తినలేదు.

చివరి మజిలీ ఎల్ రింకోన్సియో. 1670 నాటి బార్. నల్లబడ్డ చెక్క కౌంటర్ మీదే సుద్దముక్కతో లెక్క రాస్తారు. గైడ్ లోపలికి వెళ్ళి మాట్లాడి, ఒక మట్టి గిన్నె తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది. ఎస్పినాకాస్ కోన్ గర్బాంసోస్, అంటే పాలకూర, కాబూలీ శనగలు. రొట్టె ముక్కలు, వెల్లుల్లి ఆలివ్ నూనెలో వేయించి, జీలకర్రతో నూరి, కొద్దిగా వెనిగర్, మిరప పొడి వేసి కూరలో కలుపుతారు. పాలకూర, శనగలు రెండూ ఈ ఊరి వంటల్లో పాతుకుపోయినవి. 1248 దాకా అయిదు వందల ఏళ్ళకి పైగా ఇక్కడ ముస్లిం పాలన సాగింది. ఆ వంటింటి వాసన ఈ గిన్నెలో ఇంకా ఉందని గైడ్ చెప్పింది.

అత్తయ్య ఒక చెంచా తిన్నారు. ఇంకో చెంచా. తర్వాత మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేసి, "ఇది మనింట్లో కూరే" అన్నారు. గైడ్ ఇంకొకటి తెప్పించింది, దానికి డబ్బులు తీసుకోలేదు. మా ఆయన పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

డబ్బు సంగతికొస్తే, ఆ రోజు తిన్నవన్నీ విడిగా కొనుక్కుంటే మనిషికి 30 యూరోలు మించవు. మిగతా 49 ఆవిడ మాటకీ, జాగ్రత్తకీ. మాకు అది ప్రతి పైసా దక్కింది. కానీ అన్ని టూర్లూ ఇలా ఉంటాయనుకోకండి. డబ్బు కట్టకముందే ఆహార నియమాల గురించి రాసి అడగండి. "ఏదో ఒకటి సర్దుతాం" అని జవాబొస్తే వదిలేయండి. పదిమందికి మించిన గుంపు వద్దు. సాయంత్రం టూర్లలో కొంత ఖర్చు వైన్‌కే పోతుంది, తాగనివాళ్ళకి పొద్దున మార్కెట్ టూరే మంచిది. అన్నిటికంటే ముఖ్యంగా, దిగిన మొదటి రోజే పెట్టుకోండి. మేం ఒక్క పూట ముందు వెళ్ళి ఉంటే ఆ 95 యూరోల రాత్రి ఉండేది కాదు.

ఆ రాత్రి గురించి చెబితే గైడ్‌కి నిజంగా కోపం వచ్చింది. ప్రతి హోటల్లోనూ 'ఓహా దె రెక్లమాసియోనెస్' అనే ఫిర్యాదు పత్రం ఉండాలి, అడిగితే ఇచ్చి తీరాలి, చాలాచోట్ల ఆ మాట అనగానే బిల్లు సరిచేస్తారు అంది. కుళాయి నీళ్ళు కూడా ఊరికే ఇవ్వాలి, 2022లో చట్టమే వచ్చింది. 'ఆగ్వా దెల్ గ్రీఫో' అని అడగాలి. శాకాహారి అంటే సరిపోదు. సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ ఆతూన్, సిన్ వెవో, అంటే మాంసం, హమోన్, చేప, ట్యూనా, గుడ్డు ఏవీ లేకుండా అని ఒక్కోటీ విడిగా చెప్పాలి. హమోన్‌ని మాంసం కింద లెక్కెయ్యనివాళ్ళు, ట్యూనాని చేప కింద లెక్కెయ్యనివాళ్ళు చాలామంది ఉన్నారు. సాల్మొరేహో అనే చల్లటి టమాటా సూప్ మీద కూడా గుడ్డు, హమోన్ చల్లుతారు, ముందే వద్దనాలి.

మిగతా రెండు రోజులు అల్కాసర్ రాజభవనం, కెథెడ్రల్, ప్లాసా దె ఎస్పాన్యా అనే పెద్ద కూడలి హాయిగా చూశాం. పేటల్లో బార్లలో పాలకూర శనగలు 3.80 నుంచి 4.50 లోపే దొరికాయి.

చివరి సాయంత్రం ఎక్కడికి వెళ్దామంటే అత్తయ్యే ఎల్ రింకోన్సియో అన్నారు. కుర్చీ కోసం ఆగకుండా కౌంటర్ దగ్గర నిలబడి, "ఎస్పినాకాస్" అని తనే చెప్పి, రెండు వేళ్ళు చూపించారు. నలుగురం తిన్నదీ తాగిందీ 31.60. వెయిటర్ సుద్దతో చెక్క మీద రాసి, మేం డబ్బిచ్చాక చేత్తో తుడిచేయబోతుంటే, ఒక్క నిమిషం ఆగమని మా ఆయన ఫోటో తీసుకున్నారు.