‘ది పెంట్‌హౌస్’: బిడ్డను పోగొట్టుకున్న తల్లి పగ

కొరియాకు చెందిన ఎస్‌బీఎస్ ఛానల్ 2020 అక్టోబరు నుంచి 2021 సెప్టెంబరు వరకు మూడు సీజన్లుగా ప్రసారం చేసిన ‘ది పెంట్‌హౌస్’ ధారావాహికలో మొత్తం 48 భాగాలున్నాయి. వాటిలో మొదటి సీజన్‌లోని 21 భాగాలను, నెల్లూరులోని మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక రోజుకొకటి చొప్పున, సబ్‌టైటిల్స్‌ను తెలుగులో చెబుతూ మా అమ్మతో కలిసి చూశాను.

హీరా ప్యాలెస్ అనే నూరంతస్తుల భవనంలో వేడుక జరుగుతున్న రాత్రి, లిఫ్టులో ఉన్న కథానాయిక షిమ్ సు ర్యాన్ కళ్ల ముందు నుంచే ఒక అమ్మాయి కిందికి పడిపోతుంది. ఆ క్షణంలో ఇద్దరి చూపులూ కలుస్తాయి. చింతపండులో గింజలు తీస్తున్న మా అమ్మ చేయి ఆగిపోయింది. “ఆ బిడ్డ ఎవురిది అబ్బయ్యా?” అని అడిగింది. పురిట్లోనే భర్త మార్పించిన తన కన్నబిడ్డే ఆ అమ్మాయి అని సు ర్యాన్‌కు తెలిసేది ఆ తర్వాతే. శిశువులను మార్చడం మనకు భాగవతం నుంచీ తెలిసిన కథే అయినా, వసుదేవుడు బిడ్డను బతికించుకోవడానికి మార్చాడు. ఇక్కడ భర్త భార్యను జీవితాంతం వంచించడానికి మార్పించాడు.

నిజం తెలిశాక కూడా సు ర్యాన్ ఇల్లు విడిచి వెళ్లదు. అదే భర్తకు భార్యగా మసలుతూ, లోపల రగిలే దుఃఖాన్ని ముఖంలో కనబడనీయకుండా ఒక్కొక్క సాక్ష్యాన్నీ పోగుచేస్తుంది. “వాడికి ఇంకా అన్నం ఎట్టా పెడతా ఉండాది?” అని మా అమ్మ బాధపడింది కానీ, ఆ నిగ్రహంలోనే ఈ కథ బలమంతా ఉంది. సు ర్యాన్ పాత్రలో నటి లీ జి ఆ కేకలు వేయదు, కళ్లతోనే చెబుతుంది.

ద్రోహం ఆ ఒక్క ఇంటితో ఆగదు. గాయని చాన్ సో జిన్, ఆస్తి కోసం పెనుగులాటలో మెట్ల మీద నుంచి పడిపోయిన తండ్రిని కాపాడకుండా వదిలేసి వచ్చి, పియానో ముందు కూర్చుని పిచ్చిగా వాయించే సన్నివేశాన్ని నేను మరిచిపోలేను. తప్పు తెలిసీ తప్పించుకోలేని మనిషి భయమంతా ఆ వేళ్లలో కనబడుతుంది. ఆ పాత్ర ధరించిన కిమ్ సో యాన్‌కు 2021లో, కొరియాలో సినిమా, టీవీ కళాకారులకు ఇచ్చే బేక్‌సాంగ్ ఉత్తమ నటి పురస్కారం దక్కడం పూర్తిగా సమంజసం.

లోపాలు లేకపోలేదు. తర్వాతి సీజన్లలో చనిపోయారనుకున్నవారు తిరిగి వస్తూ ఉండటంతో, మొదట్లో గుండెను పిండిన మరణాల బరువు తగ్గిపోయింది. బడి పిల్లలు తోటి అమ్మాయిని హింసించే దృశ్యాలు అవసరానికి మించి సాగాయి. అందుకే మొదటి సీజన్‌ను తప్పక చూడమని చెబుతాను, పిల్లలు నిద్రపోయిన తర్వాత మాత్రమే.