కోబో టూల్‌బాక్స్: నగర హింసపై చేసే సర్వేకు ఎంతవరకు పనికొస్తుంది?

మరుగుదొడ్ల లెక్కల నుంచి పంట నష్టాల అంచనా దాకా రకరకాల సర్వేలకు స్వచ్ఛంద సంస్థలు వాడుతున్న కోబో టూల్‌బాక్స్ అనే ఫోను సర్వే సాఫ్ట్‌వేరు గురించి మంచి మాటలు చాలానే వినిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం న్యాయమైనవే. ఈ సమీక్ష మాత్రం ఒక్క రకం పనికే పరిమితం: పేద బస్తీల్లో హింస గురించి, దాని వెనక ఉన్న అసమానతల గురించి, ఒకటికి మించిన నగరాల్లో, విదేశీ నిధులతో సాగే పరిశోధనను నిర్వహించేవారికి ఈ సాధనం ఎంతవరకు ఆసరా అవుతుందన్నది. నా అభిప్రాయం ముందే చెబుతాను. సమాచారం సేకరించడంలో దీనికి పెద్దగా వంక పెట్టలేము. సమాధానం చెప్పిన మనిషిని కాపాడే బాధ్యతను మాత్రం ఇది దాదాపు పూర్తిగా నిర్వాహకుల మీదే వదిలేస్తుంది.

ఇటువంటి పరిశోధన ఎంత పెద్ద ఎత్తున జరుగుతుందో తెలియడానికి, కెనడాకు చెందిన ఐడీఆర్‌సీ (అభివృద్ధి పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ), బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ కలిసి 2012లో మొదలుపెట్టిన ‘సేఫ్ అండ్ ఇన్‌క్లూజివ్ సిటీస్’ కార్యక్రమాన్ని చూడవచ్చు. 1.1 కోట్ల కెనడా డాలర్ల నిధులతో 15 బృందాలు 16 దేశాల్లోని 40 నగరాలను అందులో అధ్యయనం చేశాయి. మన దేశంలో అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయ బృందం అహ్మదాబాద్‌నూ గువాహటినీ ఎంచుకుంది. అహ్మదాబాద్ దక్షిణ శివారులో ‘బాంబే హోటల్’ అని పిలిచే వాడలోనూ, నదీతీర ప్రాజెక్టు వంటి వాటి వల్ల ఇళ్లు కోల్పోయినవారిని తరలించిన వట్వా కాలనీల్లోనూ, నీళ్లు, మురుగు కాల్వలు, రవాణా వంటి కనీస వసతుల కొరత రోజువారీ గొడవలుగా, బెదిరింపులుగా ఎలా మారుతుందో ఆ బృందం పరిశీలించింది. వాళ్లు ఏ సాధనం వాడారన్నది ఇక్కడ విషయం కాదు. అటువంటి చోట అడగవలసిన ప్రశ్నలు ఎలా ఉంటాయన్నదే ముఖ్యం. ‘ట్యాంకరు దగ్గర గొడవ ఎవరితో వచ్చింది?’, ‘నీళ్ల కనెక్షను కోసం ఎవరికి డబ్బు కడుతున్నారు?’ అన్న ప్రశ్నలకు నిజాయతీగా వచ్చే ప్రతి సమాధానంలోనూ పక్కింటివాడో, వాడలోని పెత్తందారో, పోలీసో ఉంటాడు. ఆ సమాధానం ఎవరి కంట పడినా చెప్పినవారికే ముప్పు.

కోబో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన హార్వర్డ్ హ్యుమానిటేరియన్ ఇనిషియేటివ్‌లో రూపుదిద్దుకుంది. ఇప్పుడు లాభాపేక్ష లేని ఒక స్వతంత్ర సంస్థ దీన్ని నడుపుతోంది. దీని కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ప్రశ్నావళిని ఎక్సెల్ షీటులో రాసుకోవచ్చు. ఒక్కో భాషకు ఒక్కో నిలువు వరస కేటాయిస్తే, ఒకే ఫారాన్ని తెలుగులోనూ, హిందీలోనూ, కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూలోనూ తెర మీద మార్చుకుంటూ అడగవచ్చు. హైదరాబాద్ బస్తీల్లో పనిచేసేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. (పాతబస్తీలో వినిపించే దక్కనీ వేరు, అనువాదకులు రాసి పంపే పుస్తకాల ఉర్దూ వేరు. ఆ తేడాను ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయదు.) ఆండ్రాయిడ్ ఫోనులో నడిచే కోబో కలెక్ట్ యాప్ సిగ్నల్ లేని సందుల్లోనూ ఇబ్బంది పెట్టదు. నింపిన ఫారాలను దాచుకుని, నెట్ దొరికినప్పుడు పంపుతుంది. ఐఫోనుకు ఈ యాప్ లేదు, బ్రౌజరులో తెరుచుకునే ఫారంతో సరిపెట్టుకోవాలి.

అసలు పరీక్ష గుమ్మం దగ్గర మొదలవుతుంది. మహిళలపై హింస గురించి అడిగే సర్వేలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే నియమాలు చెప్పింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఇంటికి ఒక్క మహిళనే, అదీ ఏకాంతం దొరికినప్పుడే, ఆ ప్రశ్నలు అడుగుతుంది. కోబోలో ఈ పద్ధతిని అమలు చేయడం సులువే. ‘ఇప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?’ అని సర్వే చేసేవారికే ఒక ప్రశ్న పెట్టి, ‘ఉన్నారు’ అంటే హింస భాగం మొత్తం తెరుచుకోకుండా ఎక్సెల్ షీటులో షరతు రాయవచ్చు. మధ్యలో అత్తగారు లోపలికి వస్తే ఏం చేయాలి? తెర పైభాగంలోని బాణం గుర్తు నొక్కి వేరే భాగానికి దూకే వీలుంది. అక్కడ రేషను గురించో, పిల్లల బడి గురించో నాలుగు మామూలు ప్రశ్నలు ముందుగానే సిద్ధంగా ఉంచాలి. ఈ అలవాటు చేతికి రావాలంటే శిక్షణలో ఒకరు అత్తగారిగా నటించి గదిలోకి నడిచి వచ్చే సాధన పదే పదే జరగాలి, సాఫ్ట్‌వేరు చేయగలిగింది బాణం గుర్తు చూపడం వరకే.

పంపిన తరువాత ఫోనులో ఏం మిగులుతుందన్నది చాలామంది పట్టించుకోని సంగతి. యాప్‌లో పంపిన ఫారాలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంటుంది. సెట్టింగుల్లో ‘పంపాక తొలగించు’ అన్నది ఎంచుకోకపోతే, ఆ సమాధానాలను అక్కడ తెరిచి చదవవచ్చు. సర్వే చేసే అమ్మాయి అదే వాడకు చెందినదై, ఫోను ఇంట్లో అందరి చేతుల్లోనూ తిరిగేదైతే, దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. మంచి విషయం ఏమిటంటే సెట్టింగులన్నింటినీ ఒక క్యూఆర్ కోడ్‌లో పెట్టి అన్ని ఫోన్లకూ ఒకేలా అమర్చవచ్చు, వాటిని మార్చకుండా పాస్‌వర్డుతో బిగించవచ్చు. ఈ పని నిర్వాహకులే చేయాలి, కుర్రవాళ్లకు చెప్పి వదిలేసేది కాదు.

ఇక ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనివారు చదవలేకుండా సమాచారానికి తాళం వేయడం. ఫారానికి పబ్లిక్ కీ (తాళం వేసేది) జోడిస్తే, ముగించిన ప్రతి ఫారమూ ఫోనులోనే తాళం పడి సర్వర్‌కు వెళుతుంది, ప్రైవేట్ కీ (తాళం తీసేది) ఉన్నవారు తప్ప కోబో సిబ్బంది కూడా చదవలేరు. హింస మీద చేసే సర్వేకు ఇది తప్పనిసరి అని నా దృఢాభిప్రాయం. అయితే దీనికి చెల్లించే మూల్యం కూడా తక్కువేమీ కాదు. వెబ్‌లో పట్టికలు, గ్రాఫులు, తప్పులు దిద్దే సౌకర్యం అన్నీ పోతాయి. సమాచారాన్ని దించుకుని, విడి సాధనంతో కంప్యూటర్లో తాళం తీసుకోవాలి. ప్రైవేట్ కీ పోతే సమాచారమూ పోయినట్టే. ఇంకా ముగించని, సగంలో దాచిన ఫారాలకు ఈ రక్షణ వర్తించదు, కనుక సగం నింపిన ఫారంతో సాయంత్రం ఇంటికి వెళ్లకూడదన్న నియమం పెట్టుకోవాలి. రోజూ ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయో గ్రాఫులో చూడాలని నిధులిచ్చే సంస్థ పట్టుబడితే, హింస భాగాన్ని విడి ఫారంగా చేసి, దానికే తాళం వేసి, మిగతా ఇంటి సర్వేను తెరిచి ఉంచడం నాకు తెలిసిన మధ్యేమార్గం. రెండు ఫారాలనూ తరువాత కలపడానికి, రెండింటిలోనూ పేరుకు బదులు ఒకే సంఖ్య రాస్తే చాలు.

ఆడిట్ సౌకర్యం ఏ ప్రశ్న మీద ఎంతసేపు గడిపారో నమోదు చేస్తుంది. చెట్టు కింద కూర్చుని సొంతంగా నింపేసిన ఫారాలను పట్టుకోవడానికి అది చాలా మంచిది. సంభాషణను వెనక నుంచి రికార్డు చేసే సౌకర్యమూ ఉంది. నాణ్యత పేరుతో దాన్ని ఇక్కడ వాడడం నాకు సమ్మతం కాదు. జీపీఎస్ విషయంలోనూ అంతే: ఇంటి గుమ్మం దాకా గురి చూపే చుక్క మ్యాపు మీద ఎంత ముచ్చటగా ఉన్నా, వాడ పేరుతో సరిపెట్టుకోవాలి.

అనేక నగరాల బృందాలకు అనుమతుల పద్ధతి బాగుంది. ఒక్కో భాగస్వామి సంస్థకు తమ సర్వేయర్లు పంపినవి మాత్రమే కనిపించేలా అమర్చవచ్చు. నిజానికి తరచుగా జరిగేది వేరు. అన్నీ చూసే అధికారం నిధులిచ్చే ధనిక దేశపు కార్యాలయంలో ఉంటుంది, సమాచారం సేకరించిన స్థానిక బృందం విశ్లేషణ కోసం ఈమెయిల్లో అడుక్కోవలసి వస్తుంది. ఇది సాఫ్ట్‌వేరు లోపం కాదు, ఒప్పందంలోనే తేల్చుకోవలసిన విషయం. సర్వర్లు అమెరికాలో ఒకటి, ఐరోపాలో ఒకటి ఉన్నాయి. ఖాతా తెరిచేటప్పుడే ఏది కావాలో ఎథిక్స్ కమిటీతో (పరిశోధనలో నైతిక నియమాలను చూసే సంఘంతో) మాట్లాడి నిర్ణయించుకోవాలి.

ఉచిత ఖాతాకు నెలవారీ పరిమితులు ఉన్నా, కొన్ని వందల ఇళ్ల సర్వేకు అవి అడ్డు రావు. అసలు ఖర్చు ఫోన్లు, శిక్షణ, ఎన్‌క్రిప్షన్ తాళాలు చూసుకునే ఒక మనిషి జీతం. బడ్జెట్‌లో ఆ మనిషికి చోటు ఉంటే నా సిఫారసు కోబోకే. ఒక మహిళ తనకు జరిగినదాన్ని తన మాటల్లో చెప్పుకునే లోతైన ఇంటర్వ్యూకు మాత్రం దీన్ని వాడమని చెప్పను. తెలుగులో ఫోను మీద టైపు చేస్తూ ఎదుటివారి ముఖం చూడడం ఎవరివల్లా కాదు, అక్కడ మామూలు నోట్‌బుక్కే మేలు.