అణచిన భయం, తిరగరాసిన భయం

పర్లాకిమిడిలో మా పక్కింటి పెద్దమ్మ, 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను తరువాత, గాలికి పైకప్పు రేకులు కాస్త చప్పుడు చేసినా చేతిలోని చేట కింద పెట్టేసి గుమ్మం పట్టుకుని నిలబడిపోతుంది. ఆ చప్పుడును ప్రాణాపాయంతో ముడివేసింది మెదడులో ఆపదను పసిగట్టే భాగమైన అమిగ్డలా. ఈ ముడిని ఎదుర్కొనే మార్గాలు రెండున్నాయి.

మొదటిది, ఆపద లేని చోట ఆ చప్పుడునే పదేపదే వినిపించడం. దీనివల్ల పాత ముడి విడిపోదు. నుదుటి వెనుకనున్న మెదడు భాగం, అమిగ్డలాలో ఇతర కణాల చురుకును తగ్గించే నిరోధక కణాల ద్వారా, భయస్పందనను అణచిపెట్టడం నేర్చుకుంటుంది. చోట్లను గుర్తుంచుకునే మెదడు భాగమైన హిప్పోక్యాంపస్ ఈ కొత్త పాఠాన్ని అది నేర్చిన చోటుతో జతపరుస్తుంది కనుక, చోటు మారితే పాత భయం మళ్లీ తలెత్తవచ్చు. కొంత కాలం గడిచినా అంతే: అణగిన స్పందన విరామం తరువాత తిరిగి రావడాన్ని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన ప్రయోగాల కుక్కలలోనే గమనించాడు.

రెండవది జ్ఞాపకాన్నే మార్చడం. గుర్తుకు తెచ్చిన భయజ్ఞాపకం కొంతసేపు అస్థిరమవుతుందనీ, అప్పుడు అమిగ్డలాలో ప్రోటీన్ల తయారీని ఒక మందుతో అడ్డుకుంటే అది మళ్లీ నిలదొక్కుకోలేదనీ నాడర్, షాఫ్, లెడూ అనే పరిశోధకులు 2000లో ఎలుకలలో చూపారు. ఆశ కలిగించే మార్గమే, కానీ ఆ మందును మనుషులకు ఇవ్వలేము. మందు లేకుండా మనుషులపై చేసిన ప్రయోగాల ఫలితాలూ ఒక్కతీరుగా లేవు.

అందుకే పెద్దమ్మకు నేను మొదటి మార్గాన్నే కోరుకుంటాను, అయితే ఒక్క గదిలో కాదు: నిపుణుల తోడుతో, పెరట్లోనూ, సంతలోని రేకుల పాకలోనూ, వాన పడే రోజునా.