ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ ఇంటర్న్‌షిప్ అని డబ్బు కట్టమంటే ఆగండి (శ్రీకాకుళం, విజయనగరం సివిల్ ఇంజనీరింగ్ వాళ్లకి)

ఫైనలియర్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోస్టర్ మళ్లీ తిరుగుతోంది. "రీజనల్ ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో ఇంటర్న్‌షిప్, లైవ్ ప్రాజెక్ట్, సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్, సర్టిఫికెట్ గ్యారంటీ" అని. పోయిన బ్యాచ్‌లో మా క్లాసు నుంచి నలుగురం చేరాం. తలకి ఎనిమిదిన్నర వేలు, జీఎస్టీతో కలిపి అన్నారు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పోస్టర్ మీద పేరు రేపు మారినా పద్ధతి ఇదే ఉంటుంది కాబట్టి పద్ధతి చెప్తాను.

చేర్చుకునేటప్పుడు మాటలు బాగానే చెప్పారు. భోగాపురం ఎయిర్‌పోర్టు, విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశా పోయే 26వ నంబరు హైవే, వీటన్నిటి వల్ల మన రెండు జిల్లాల్లో ప్లానర్లకి బోలెడు పని ఉంటుందన్నారు. ఏ ఊరి నుంచి ఎన్ని ప్రయాణాలు బయల్దేరతాయి, ఎక్కడికి పోతాయి, బస్సులోనా ఆటోలోనా బండి మీదా, ఏ దారిన పోతాయి... ఈ నాలుగు మెట్ల మోడల్‌ని సాఫ్ట్‌వేర్‌లో మా చేతే చేయిస్తామన్నారు. సాఫ్ట్‌వేర్ మొహం మాత్రం మాకు ఆఖరిదాకా కనపడలేదు.

మొదట్లో ఒక గదిలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించారు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ, అట్ట, పెన్ను ఇచ్చి రోడ్డు మీద వదిలారు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒకళ్లు, ఆమదాలవలస రోడ్డులో ఒకళ్లు, ఇలా. పని ఏంటంటే వాహనాల లెక్క. పావుగంటకో గడి, బండికో గీత, అయిదో గీత అడ్డంగా కొట్టి కట్ట కట్టడం. లెక్క పెట్టడాన్ని తక్కువ చేయడం లేదు. ప్లానింగ్‌కి మొదటి మెట్టు అదే, నేర్చుకోవాల్సిందే. కానీ పగలు పన్నెండు గంటలు, రాత్రి పన్నెండు గంటలు షిఫ్టులు వేసి వారాల తరబడి అదొక్కటే చేయిస్తే దాన్ని కూలి పని అంటారు. మామూలుగా సర్వే కాంట్రాక్టు తీసుకున్నవాళ్లు ఈ పనికి మనుషుల్ని పెట్టుకుని రోజుకింత అని ఇస్తారు. ఇక్కడ ఎదురు మనమే ఇస్తున్నాం!

ఆ లెక్క అయినా సరిగ్గా చేయించారా అంటే అదీ లేదు. సంక్రాంతి దాటాక ఆమదాలవలస రోడ్డులో ట్రాక్టర్ల సంగతి మీకు తెలిసిందే. మాకిచ్చిన ఫారంలో ట్రాక్టర్‌కి ఒకటే గడి. ఒక్కో బండి రోడ్డు మీద ఎన్ని కార్లతో సమానమో ఊళ్ల మధ్య రోడ్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 64 అనే పుస్తకంలో పట్టిక ఇచ్చింది. అందులో కారు 1 అయితే మోటార్‌సైకిల్ 0.5, బస్సు, లారీ 3. ఉత్త ట్రాక్టర్ 1.5, తొట్టి తగిలించిన ట్రాక్టర్ 4.5. మూడింతల తేడా! రెండూ ఒకే గడిలో పడితే ఆ రోడ్డు మీద ఎంత ఒత్తిడి ఉందో ఎవరు మాత్రం చెప్పగలరు? అడిగితే సూపర్‌వైజర్ అన్న మాట: "ఏటి బాబూ, అంత లోతుగా ఎవడు చూస్తాడు?"

రథసప్తమి నాడు అరసవల్లి రోడ్డులోనూ లెక్క పెట్టించారు. ఆ రోజు పోలీసులు బళ్లని దారి మళ్లిస్తారు, జనం నడిచి వస్తారు. అది మామూలు రోజు కాదని శ్రీకాకుళంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. జాతరలు, తీర్థాలు ఉన్నప్పుడు గణన వాయిదా వేసుకోవాలని ట్రాఫిక్ సెన్సస్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ షీట్లు మామూలు షీట్లతో కలిపి కట్ట కట్టేశారు.

అన్నిటికంటే నాకు మంట పుట్టించింది రాత్రి షిఫ్టు. రెండు దాటాక "ఇంక ఎందుకు, పై గడిలో అంకెలే అటూ ఇటూ చేసి తెల్లారేదాకా నింపేయండి" అన్నారు. ఇలాంటి అంకెల మీదే రోడ్డు వెడల్పు చేయాలా, సిగ్నల్ పెట్టాలా అని తేలుస్తారు. మా ఫ్రెండ్ నింపనన్నాడు. "సర్టిఫికెట్ కావాలా వద్దా" అన్నారు.

సర్టిఫికెట్ ఇచ్చారు, అది నిజమే. అందులో "ట్రావెల్ డిమాండ్ మోడలింగ్‌లో శిక్షణ పొందెను" అని ఉంది, అంటే మాకు చూపించని ఆ నాలుగు మెట్ల మోడలే. రేపు ఇంటర్వ్యూలో దాని మీద ఒక్క ప్రశ్న అడిగితే నీళ్లు నమలాలి. డబ్బు తిరిగి అడిగితే "కాగితం ఇచ్చేశాం కదా" అని ఫోన్ పెట్టేశారు.

జూనియర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డబ్బు కట్టే ముందే కొన్ని అడగండి. జీఎస్టీతో కలిపి అంటే రసీదు మీద జీఎస్టీ నంబరు ఉండి తీరాలి. మన రాష్ట్రంలో రిజిస్టర్ అయితే అది 37తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరు కొట్టి ఎవరిదో చూడొచ్చు. మా రసీదు మీద నంబరే లేదు, డబ్బు వెళ్లింది ఎవరో మనిషి పేరు మీదున్న ఫోన్‌పేకి. "లైవ్ ప్రాజెక్ట్" అంటే ఏ ఆఫీసు ఇచ్చిన పని, వర్క్ ఆర్డర్ చూపిస్తారా అనండి. రోజూ ఏం చేయిస్తారో కాగితం మీద రాసిమ్మనండి. నసిగితే వచ్చేయండి.

ఆఖరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ తప్పదని మనకుండే టెన్షన్ మీదే వీళ్ల వ్యాపారం నడుస్తోంది. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నడిపే ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో పైసా కట్టకుండా అప్లై చేయొచ్చు. డిగ్రీ చేతికొచ్చినవాళ్లకి మున్సిపాలిటీల్లో పనిచేసేలా 2020లో ట్యూలిప్ పథకం తెచ్చారు, ఇప్పుడూ తీసుకుంటున్నారేమో చూడండి. కాలేజీ లెటర్ పట్టుకుని కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలోనో, ఆర్ అండ్ బీ ఆఫీసులోనో, ఆర్టీసీ డిపోలోనో అడగండి. అందరికీ దొరక్కపోవచ్చు, ఒకటికి నాలుగుసార్లు తిరగాల్సి రావొచ్చు. మ్యాపుల పని నేర్చుకోవాలంటే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఐఐటీ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ ట్రాన్స్‌పోర్టేషన్ పాఠాలూ ఉచితమే, పరీక్ష రాస్తేనే ఫీజు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు పేమెంట్ స్క్రీన్‌షాట్లు, పోస్టర్, చాట్‌లు డిలీట్ చేయకండి. నింపిన షీట్లకి ఫొటోలు తీసి పెట్టుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి మేం ఫిర్యాదు చేశాం. కాలేజీ ఇంటర్న్‌షిప్ లిస్టులోంచి ఆ సంస్థ పేరు తీసేయమని మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) గారికి నలుగురం సంతకాలు పెట్టి ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. వేరే కాలేజీల్లో కట్టినవాళ్లు ఉంటే మీ హెచ్‌ఓడీకి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి.